రాయికీ నీళ్లకీ మామిడి గుజ్జుకీ ఒకే చట్టమా? కంటిన్యువమ్ మెకానిక్స్ పునాదుల కథ

మెకానిక్స్ పుస్తకాల్లో అందరూ చూసీ చూడనట్టు దాటేసే వాక్యం ఒకటుంది. "ఇక్కడ పదార్థాన్ని అవిచ్ఛిన్నంగా భావిస్తున్నాం" అని, అంటే మధ్యలో ఖాళీల్లేని ఒకే ముద్దగా అని, మొదటి అధ్యాయంలో ఓ లైను రాసేసి, ఆ వెంటనే ప్రతిబలం (స్ట్రెస్), వికృతి (స్ట్రెయిన్), హుక్ సూత్రం అంటూ లెక్కల్లోకి దిగిపోతారు. తిరుపతిలో ఇంజనీరింగ్ పిల్లలకి ఈ సబ్జెక్టు, అంటే కంటిన్యువమ్ మెకానిక్స్, చెప్పేటప్పుడు నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న కూడా అక్కడి నుంచే పుడుతుంది: "సార్, న్యూటన్ సూత్రాలు ఉన్నాయి కదా, బలం అంటే ద్రవ్యరాశి ఇంటూ త్వరణం, దాన్నే అన్నిటికీ వాడేస్తే పోలా? మళ్ళీ ఈ స్వీకృతాలు (నిరూపించకుండా ఒప్పుకునేవి), సిద్ధాంతాలు (వాటి నుంచి నిరూపించేవి), ఇంత గొడవ దేనికి?"

గొడవ ఎందుకంటే, స్కూల్లో నేర్చుకున్న రూపంలో న్యూటన్ రెండో సూత్రం ఒక బిందువుకి సంబంధించినది. చిత్తూరు వైపు క్వారీ నుంచి లారీలో వచ్చి దిగిన గ్రానైట్ బ్లాకు తీసుకోండి. దాంట్లో ఏ బిందువు త్వరణం? రాయి గట్టిది కాబట్టి గరిమనాభిది అని చెప్పి తప్పించుకోవచ్చు. మరి పల్ప్ ఫ్యాక్టరీ పైపులో పోతున్న తోతాపురి గుజ్జు సంగతేంటి? పైపు మధ్యలో ఒక వేగం, గోడ దగ్గర ఒక వేగం, మలుపులో ఇంకో వేగం. దీనికి మామూలుగా చెప్పే సమాధానం, వస్తువంటే లెక్కలేనన్ని కణాల గుంపు, ఒక్కో కణానికి న్యూటన్ సూత్రం రాసి అన్నీ కలిపేయాలి అని. వినడానికి బాగానే ఉంటుంది గానీ, అలా కలపాలంటే ఒక కణం పక్క కణాన్ని ఎంత బలంతో నెడుతోందో, ఏ దిక్కుకి లాగుతోందో ముందే తెలిసుండాలి. తెలియదు. తెలిసినట్టు ఊహించుకుని ముందుకెళ్లిన మహామహులకి ఏం జరిగిందో కాసేపాగి చెబుతాను.

ఈ ముడి విప్పడం మొదలుపెట్టింది స్విస్ గణితవేత్త ఆయిలర్. 1750లో బెర్లిన్ అకాడమీలో ఆయన ఒక "కొత్త సూత్రం" చదివాడు: వస్తువులో ఎంత చిన్న ముక్క తీసుకున్నా, దాని ద్రవ్యరాశిని త్వరణంతో గుణిస్తే దాని మీది బలం రావాలి. ఇప్పుడు మనకి ఇందులో కొత్తేముంది అనిపిస్తుంది, కానీ న్యూటన్ ప్రిన్సిపియా 1687లో వచ్చింది, ఈ మాట ఇంత సూటిగా రాయడానికి అరవై ఏళ్లకి పైగా పట్టింది. 1757లో ఆయిలర్ ద్రవాల చలన సమీకరణాలు అచ్చులో వచ్చాయి. అసలు మలుపు మాత్రం 1775లో. ఏ వస్తువైనా సరే, దానిలో ఏ భాగమైనా సరే, రెండు సూత్రాలు వర్తిస్తాయన్నాడు. ద్రవ్యవేగం (ద్రవ్యరాశి ఇంటూ వేగం) మారే రేటు మొత్తం బలానికి సమానం, ఇది ఒకటి. కోణీయ ద్రవ్యవేగం మారే రేటు మొత్తం టార్క్‌కి (తిప్పే ప్రభావానికి) సమానం, ఇది రెండోది. రెండూ దేనికది వేరు.

రెండోది వేరని అనగానే మనవాళ్లు ఒప్పుకోరు, ఎందుకంటే ఇంటర్ ఫిజిక్స్‌లో దాన్ని మొదటి దాని నుంచే రాబట్టినట్టు గుర్తు. ఆ రాబట్టడంలో ఒక షరతు ఉంది: రెండు కణాల మధ్య బలం ఆ రెంటినీ కలిపే గీత వెంటే పనిచేయాలి. అవిచ్ఛిన్న పదార్థంలో కణాలే లేనప్పుడు గీత ఎక్కడిది? అందుకే ఆయిలర్ దాన్ని నిరూపించే ప్రయత్నం చేయకుండా నేరుగా స్వీకృతంగా పెట్టేశాడు. దాని ఫలితం చిన్నది కాదు. ఒక బిందువు దగ్గర ప్రతిబలం చెప్పడానికి తొమ్మిది సంఖ్యలు కావాలి, ఎందుకో తర్వాత చూద్దాం. టార్క్ అంతా బలాల నుంచే వస్తుందని ఒప్పుకుంటే, ఈ రెండో సూత్రం వల్ల ఆ తొమ్మిదిలో మూడు జతలు సమానమై ఆరే మిగులుతాయి. 1909లో ఫ్రాన్స్‌లో కొసెరా సోదరులు టార్క్ అంతా బలాల నుంచే అన్న ఆ షరతుని వదిలేసి చూశారు. ప్రతి బిందువుకీ స్థానంతో పాటు సొంత భ్రమణం కూడా ఉందనుకుని, ముక్కకీ ముక్కకీ మధ్య బలంతో పాటు నేరుగా టార్క్ కూడా పోతుందనుకున్నారు, ఆ ఆరు మళ్ళీ తొమ్మిదయ్యాయి, తర్కం ఎక్కడా విరిగిపోలేదు. ఇవాళ ఇసుక లాంటి రేణు పదార్థాలకీ, నురుగులకీ, ఎముకలకీ ఆ సిద్ధాంతాన్ని వాడుతున్నారు. యూక్లిడ్ సమాంతర రేఖల స్వీకృతం తీసేస్తే వేరే జ్యామితి వచ్చినట్టే ఇదీ.

జ్యామితి మాట ఎలాగూ వచ్చింది కాబట్టి జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ దగ్గరికి వెళ్దాం. 1900లో పారిస్ గణిత మహాసభకి ఆయన తయారు చేసిన 23 సమస్యల్లో ఆరోది ఇదే: జ్యామితికి చేసినట్టే, గణితం ముఖ్యపాత్ర వహించే భౌతిక శాస్త్రాలకీ స్వీకృతాలు రాయండి, ముందు సంభావ్యతా శాస్త్రం, మెకానిక్స్ పట్టుకోండి అన్నాడు. అందులోనే వాయువుల అణు సిద్ధాంతం కట్టిన బోల్ట్‌జ్‌మన్ పేరెత్తి, పరమాణువుల దృష్టి నుంచి అవిచ్ఛిన్న పదార్థాల చలన సూత్రాలకి గణితపరంగా ఎలా చేరతారో అది కూడా చూడమన్నాడు. అంటే దారులు రెండు, పై నుంచి ఒకటి, కింది నుంచి ఒకటి. పై దారి పట్టిన వాళ్లలో హిల్బర్ట్ శిష్యుడు హామెల్ ముందున్నాడు, 1908లో మెకానిక్స్ పునాదుల మీద రాశాడు. ఆ తర్వాత సాపేక్షత, క్వాంటమ్ వచ్చేసరికి జనం అంతా అటు పోయారు, క్లాసికల్ మెకానిక్స్ అయిపోయిన కథ అనుకున్నారు. అది అయిపోలేదని 1950ల్లో పట్టుబట్టి కూర్చున్న వాళ్లు ఇద్దరు, అమెరికాలో క్లిఫర్డ్ ట్రూస్‌డెల్, ఆయన దగ్గర 1954లో పీహెచ్‌డీ చేసిన జర్మన్ కుర్రాడు వాల్టర్ నోల్. ట్రూస్‌డెల్ రాతలో వెటకారం పాలు కాస్త ఎక్కువే, చాలామంది ఇంజనీర్లకి ఆయనంటే ఒళ్లు మండేది. నోల్ మాత్రం పెద్దగా అరవకుండా ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నాడు: మనం నిజంగా ఒప్పుకుంటున్నవి ఏవి, నిరూపించగలిగినవి ఏవి? నా మటుకు ఈ సబ్జెక్టు మొత్తం ఆ ప్రశ్నే.

ముందు ఒప్పుకునేవి చూద్దాం. వస్తువు అనేది ఒకటుంది, దానికి భాగాలున్నాయి, రెండు భాగాల్ని కలిపితే ఇంకో భాగం, రెంటికీ ఉమ్మడిగా ఉన్నదీ భాగమే. ప్రతి భాగానికీ ద్రవ్యరాశి ఉంది, విడివిడి భాగాల్ని కలిపితే అదీ కూడుతుంది, కాలంతో మారదు. వస్తువు కదిలినప్పుడు రెండు వేర్వేరు బిందువులు ఒకే చోటికి చేరవు, చలనం నున్నగా సాగుతుంది, అంటే అవకలనం చేయడానికి వీలుగా ఉంటుంది. ఇంతే. ఇక్కడ ఒక్క బిందువు ద్రవ్యరాశి సున్నా, అయినా ఆ బిందువు దగ్గర సాంద్రతకి ఒక విలువ ఉంటుంది. కొత్తగా వినేవాళ్లకి ఇది గారడీలా ఉంటుంది గానీ కలనగణితం చదివిన వాళ్లకి పాత సంగతే.

"పరమాణువులున్నాయి కదా, పదార్థం అవిచ్ఛిన్నం ఎలా అవుతుంది?" అనేది దీని మీద మొదటి అభ్యంతరం. సరైన అభ్యంతరమే, కానీ సంఖ్యలు చూసి మాట్లాడాలి. ఒక మైక్రాన్ భుజం ఉన్న నీటి ఘనంలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు భుజంలో, సుమారు 3,300 కోట్ల అణువులుంటాయి. అంత చిన్న ముక్కకి కూడా సగటు సాంద్రత అంటే అర్థం ఉందన్నమాట. అదే సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట వెళ్లండి, అదీ మన తిరుపతి జిల్లాలోనిదే. రాకెట్ నేల వదిలేటప్పుడు గాలి అణువు ఇంకో అణువుని గుద్దుకునే లోపు పోయే సగటు దూరం మీటరులో కోటో వంతు కంటే తక్కువ, కాబట్టి గాలిని అవిచ్ఛిన్నం అనడానికి సందేహం అక్కర్లేదు. 100 కిలోమీటర్ల ఎత్తుకి పోయేసరికి ఆ దూరం పది సెంటీమీటర్ల స్థాయికి చేరుతుంది. రాకెట్ మీద ఉండే చిన్న చిన్న భాగాల కొలత కూడా అంతే కాబట్టి అక్కడ ఈ స్వీకృతం చేతులెత్తేస్తుంది, అణువుల గణాంకాలు పట్టుకోవాల్సిందే. స్వీకృతం నిజమా అబద్ధమా అని అడిగే కంటే ఎంత కొలత దాకా పనిచేస్తుందని అడగడం మేలు.

ఇక బలాలు. ఇక్కడే అసలు మజా ఉంది, కాస్త నెమ్మదిగా వెళ్దాం.

గ్రానైట్ బ్లాకు లోపల ఊహలో ఒక కోత పెట్టండి, నిజంగా వైర్ సాతో కోయనక్కర్లేదు. కోతకి ఇటువైపు రాయి మీద అటువైపు రాయి ఏదో బలం చూపిస్తూనే ఉంటుంది. ఆ బలాన్ని కోత వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే ప్రతిబల సదిశ. పాలిటెక్నిక్‌లో చెప్పిన "ప్రతిబలం అంటే బలం బై వైశాల్యం" ఇదే. కానీ అదే బిందువు గుండా కోతలు ఎన్ని దిక్కుల్లో పెట్టొచ్చు? అనంతం. ఒక్కో కోతకి ఒక్కో సదిశ. అంటే ఒక బిందువు దగ్గర ప్రతిబలం చెప్పాలంటే అనంతమైన సమాచారం కావాలా? 1822 సెప్టెంబరు 30న పారిస్ అకాడమీలో ఫ్రెంచ్ గణితవేత్త కోషీ చెప్పిన జవాబు: అక్కర్లేదు, మూడు కోతలు తెలిస్తే చాలు.

ఎలాగో చూడండి. రాయి లోపల 1 మీటరు భుజంతో ఒక ఘనం ఊహించుకోండి. గ్రానైట్ ఘనపు మీటరుకి సుమారు 2,700 కిలోలు ఉంటుంది కాబట్టి దాని బరువు 26,500 న్యూటన్ల దాకా, ఆరు ముఖాల వైశాల్యం 6 చదరపు మీటర్లు. బరువుని ఆ వైశాల్యంతో భాగిస్తే చదరపు మీటరుకి 4,400 న్యూటన్ల పైచిలుకు. ఇప్పుడు భుజాన్ని 1 సెంటీమీటరుకి కుదించండి. బరువు పది లక్షలో వంతుకి పడిపోయి 0.0265 న్యూటన్లు అయింది, వైశాల్యం మాత్రం పదివేలో వంతుకే తగ్గింది. భాగిస్తే 44. ఇంకా కుదిస్తే ఇంకా తగ్గుతుంది. ద్రవ్యరాశి ఇంటూ త్వరణం కూడా ఘనపరిమాణం లెక్కనే పోతుంది కాబట్టి దాని గతీ అంతే. కుదించుకుంటూ పోయిన కొద్దీ బరువూ, జడత్వమూ లెక్కలోకి రానంత చిన్నవైపోయి, చివరికి ముఖాల మీది బలాలు వాటిలో అవే సరిపెట్టుకోవాల్సి వస్తుంది. ఇప్పుడు ఘనం బదులు నాలుగు ముఖాల చతుర్ముఖి తీసుకోండి, మూడు ముఖాలు ఒకదానికొకటి లంబంగా, నాలుగోది మీకు ఇష్టమైన దిక్కుకి వాలుగా. మూడింటి మీది బలాలు తెలిస్తే నాలుగోదాని మీది బలం సమతుల్యత కోసం ఇంతే ఉండాలని ఖాయమైపోతుంది, దానికి వేరే దారి లేదు. ఆ వాలు ముఖాన్ని ఎటు తిప్పినా ఇదే మాట. మూడు సదిశలు, ఒక్కోదానికి మూడు అంశాలు, మొత్తం తొమ్మిది సంఖ్యలు. ప్రతిబల టెన్సర్ అంటే ఇదే. అది ఎవరో నిర్వచించి మన నెత్తిన పెట్టింది కాదు, ద్రవ్యవేగం లెక్క నుంచి తోసుకుంటూ వచ్చింది. పుస్తకాలు దాన్ని తొమ్మిది గళ్ల పట్టికగా మొదటి పేజీలోనే పడేసి, పిల్లల చేత బట్టీ పట్టించడం చూస్తే నాకు చిరాకేస్తుంది.

అయితే కోషీ ఇక్కడ ఒకటి చెప్పకుండా ఒప్పుకున్నాడు. కోత మీది బలం ఆ బిందువు దగ్గర కోత ఏ దిక్కుకి ఉందన్న దాని మీదే ఆధారపడుతుందని, కోత చదునుగా ఉందా, వంపుగా ఉందా అన్నదాంతో పనిలేదని. ఎందుకు పనిలేదు? వంపు మీద ఆధారపడకూడదని ఎక్కడ రాసుంది? నూట ముప్పై ఏళ్లకి పైగా దాన్ని అలాగే స్వీకృతంగా నడిపించారు. 1950ల చివర్లో నోల్ దాన్ని కూడా నిరూపించి చూపించాడు, 1959లో అచ్చయింది. వాదన ఊహించుకోవడం కష్టమేం కాదు: ఒకే బిందువు దగ్గర ఒకే స్పర్శతలం ఉన్న రెండు కోతలు, ఒకటి చదును, ఒకటి వంపు. బిందువు చుట్టూ చిన్న వ్యాసార్ధంతో బిళ్ల గీస్తే, ఆ రెండు కోతల మధ్య ఎడం అంచు దగ్గర కూడా వ్యాసార్ధం వర్గం లెక్కనే ఉంటుంది. కాబట్టి పక్కనున్న పల్చటి అంచు వైశాల్యం వ్యాసార్ధం ఘనం లెక్కన, మధ్యలో ఇరుక్కున్న పదార్థం నాలుగో ఘాతం లెక్కన తగ్గుతాయి. బిళ్ల వైశాల్యం మాత్రం వర్గం లెక్కన. వ్యాసార్ధాన్ని సున్నా వైపు తోస్తే అంచూ పదార్థమూ ముందే మాయమవుతాయి, రెండు కోతల మీది బలాలు సమానం కాక తప్పదు. ఇంతా చేస్తే కావాల్సిందల్లా ద్రవ్యవేగం లెక్క ప్రతి భాగానికీ సరిపోవడం, ప్రతిబలం ఎక్కడా అదుపు తప్పి పెరిగిపోకపోవడం. ఇలాంటి వాదనతోనే న్యూటన్ మూడో సూత్రం, అంటే ఇటువైపు అటువైపుని ఎంత నెడితే అటువైపూ ఇటువైపుని అంతే నెడుతుందన్నది కూడా, వేరే ఒప్పుకోనక్కర్లేకుండా సిద్ధాంతంగా వచ్చేస్తుంది. 1976లో గర్టిన్, మార్టిన్స్ ఇంకా తక్కువ నునుపుతో కూడా కోషీ ఫలితం దాదాపు నిలబడుతుందని చూపించారు.

నోల్ అక్కడితో ఆగలేదు. 1963లో ఆయిలర్ సూత్రాలు రెంటినీ కూడా ఇంకా లోతైన ఒక్క స్వీకృతం నుంచి తీయొచ్చన్నాడు: వస్తువులో ఏ భాగం మీదైనా అన్ని బలాలూ, జడత్వ బలంతో సహా, కలిసి చేసే పని రేటు చూసేవాడిని బట్టి మారకూడదు. చూసేవాడు ఏకరీతి వేగంతో జారిపోతూ చూసినా అదే సంఖ్య రావాలంటే మొత్తం బలం సున్నా అవ్వాలి, తిరుగుతూ చూసినా అదే రావాలంటే మొత్తం టార్క్ సున్నా అవ్వాలి. వెరసి ఆయిలర్ రెండు సూత్రాలూ చేతిలో ఉన్నాయి. ఏది పునాది, ఏది గోడ అన్నది కొంతవరకు మన ఎంపికేనని దీన్ని చూశాకే నాకు గట్టిగా నమ్మకం కుదిరింది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ రాయికీ, నీళ్లకీ, గుజ్జుకీ ఒకేలా వర్తిస్తాయి. మరి తేడా ఎక్కడొస్తుంది? లెక్కపెట్టండి. తెలియనివి: సాంద్రత ఒకటి, వేగం మూడు, ప్రతిబలం ఆరు, మొత్తం పది. సమీకరణాలు: ద్రవ్యరాశికి ఒకటి, ద్రవ్యవేగానికి మూడు, మొత్తం నాలుగు, కోణీయ ద్రవ్యవేగాన్ని ప్రతిబలం తొమ్మిది నుంచి ఆరుకి తగ్గించడానికి ముందే వాడేశాం. ఆరు తక్కువ పడుతున్నాయి. ఆ ఆరూ పదార్థాన్ని అడిగి తెచ్చుకోవాల్సినవి. గ్రానైట్‌ని అడిగితే "నన్ను ఎంత సాగదీశావో దాన్ని బట్టి చెబుతా" అంటుంది, అది హుక్ సూత్రం. నీళ్లు "ఎంత వేగంగా సాగదీస్తున్నావో చెప్పు" అంటాయి, అది న్యూటన్ స్నిగ్ధత (చిక్కదనం) సూత్రం, దాన్నుంచే నావియర్, స్టోక్స్ సమీకరణాలు. మామిడి గుజ్జు అలా తిన్నగా ఉండదు. కాస్త నెడితే కదలనే కదలదు, ఒక హద్దు దాటాక కదులుతుంది, ఇంకా వేగంగా నెట్టే కొద్దీ పల్చబడినట్టు పారుతుంది. చిత్తూరు చుట్టుపక్కల సీజన్లో నడిచే పల్ప్ ఫ్యాక్టరీల్లో నీళ్లకి సరిపోయే లెక్కతో పంపు, పైపు ఎంచుకుంటే పని జరగదు, గుజ్జుకి దాని సొంత సూత్రం కావాలి.

అలాగని పదార్థం పేరు చెప్పి ఏ సూత్రం పడితే అది రాసేస్తే కుదరదు. 1958లో నోల్ దీనికి మూడు నియమాలు పెట్టాడు. ఇప్పటి ప్రతిబలం ఇప్పటిదాకా జరిగిన చలనం వల్లే వస్తుంది, రేపు జరిగేదానితో దానికి పనిలేదు, ఇది మొదటిది. ఒక బిందువు దగ్గర ప్రతిబలాన్ని దాని ఇరుగుపొరుగే తేలుస్తుంది, దూరాన జరిగే కదలికకి అందులో వాటా లేదు, ఇది రెండోది, దీన్ని స్థానిక చర్య అంటారు. మూడోది నిష్పాక్షికత, అంటే చూసేవాడు తిరుగుతున్నాడా, నిలబడ్డాడా అన్నదాన్ని బట్టి పదార్థం స్వభావం మారదు. మూడోదాని ప్రభావం చూడండి: భాకరాపేట ఘాట్‌లో మలుపు తిరుగుతున్న ట్యాంకరులో గుజ్జు మొత్తం గట్టి ముద్దలా ట్యాంకరుతో పాటే తిరిగిందనుకోండి, దాని మీద అపకేంద్ర బలం ఉండొచ్చు గానీ, గుజ్జు లోపల పొరకీ పొరకీ రాపిడి లేదు. కాబట్టి స్నిగ్ధత సూత్రంలో వేగానికీ, తిరుగుడుకీ చోటు లేదు, సాగే రేటు ఒక్కదానికే ఉంది. ఒక్క నియమం ఇన్నిటిని కొట్టేసింది.

అయితే ఈ మూడో నియమం మీద పెద్ద తగాదా నడిచింది. 1972లో ఇంగో ముల్లర్, వాయువుల అణు సిద్ధాంతం నుంచి లెక్క వేస్తే ఉష్ణ ప్రవాహం, ప్రతిబలం రెండూ చూసేవాడు తిరుగుతున్నాడా అన్నదాన్ని బట్టి కొంచెం మారుతున్నాయని చూపించాడు. ప్రభావం చాలా చిన్నది, మామూలు ద్రవాల్లో కొలతకి అందదు. కానీ చిన్నదైనా ఉందంటే అది ప్రకృతి నియమం కాదు, మంచి ఉజ్జాయింపు. ట్రూస్‌డెల్ వర్గం గట్టిగానే ఎదురు వాదించింది. నాకైతే ముల్లర్ వైపే న్యాయం కనిపిస్తుంది. అలాగని ఇంజనీరు ఆ నియమాన్ని వదిలేయాలని కాదు, అది వదిలేస్తే రాసే సూత్రాలకి అడ్డూ అదుపూ ఉండదు.

ఇందాక వాయిదా వేసిన సంగతి ఇప్పుడు చెబుతాను. 1820ల్లో నావియర్, పాయిజాన్, కోషీ కూడా, ఘనపదార్థాన్ని అణువుల గుంపుగానే మొదలుపెట్టి లెక్క కట్టారు, అణువుల మధ్య బలం వాటిని కలిపే గీత వెంటే ఉంటుందని అనుకున్నారు. అలా చేస్తే అన్ని దిక్కుల్లో ఒకేలా ఉండే ఘనపదార్థానికి ఒక్క స్థితిస్థాపక స్థిరాంకమే మిగులుతుంది, పాయిజాన్ నిష్పత్తి ఏ పదార్థానికైనా పావు అవ్వాలి. అంటే ఒక కడ్డీని పొడవుగా లాగితే అడ్డంగా ఎంత సన్నబడుతుందన్న నిష్పత్తి ప్రపంచమంతా 0.25. కానీ కొలిచి చూస్తే ఉక్కుకి అది 0.3 దగ్గర, రబ్బరుకి 0.5కి ఆనుకుని, సీసా బిరడాల కార్కుకి సున్నా దగ్గర. స్ఫటికాల్లో అయితే ఆ దారిలో 15 స్థిరాంకాలు, 1830ల చివర్లో జార్జ్ గ్రీన్ అణువుల ఊసెత్తకుండా శక్తి ఒక్కటే పట్టుకుని చేస్తే 21. ఈ తగువు దశాబ్దాల పాటు సాగి, 1880ల్లో ఫోయిట్ స్ఫటికాల మీద చేసిన ప్రయోగాలతో గ్రీన్ వైపు తేలింది. అణువులున్నాయన్నది తప్పు కాదు, అవి ఎలా ప్రవర్తిస్తాయో తెలుసని అనుకోవడమే తప్పు. తెలియనిదాన్ని తెలియనట్టే పక్కన పెట్టి, ఒప్పుకోక తప్పనివి మాత్రమే ఒప్పుకున్న వాళ్ల లెక్కే ప్రయోగానికి నిలబడింది.

ఇందులో ఉష్ణం కూడా కలపాలి. శక్తి నిత్యత్వం ఇంకో లెక్క, అది సులువే. ఎంట్రోపీ (శక్తి ఎంత చెదిరిపోయిందో చెప్పే కొలత) తగ్గదన్న ఉష్ణగతిక శాస్త్రపు రెండో సూత్రం దగ్గర 1963లో కోల్‌మన్, నోల్ చేసిన పని చూస్తే ముచ్చటేస్తుంది. అంతకుముందు దాన్ని ప్రక్రియల మీద ఆంక్షగా చూసేవారు, ఈ ప్రక్రియ జరుగుతుంది, ఆ ప్రక్రియ జరగదు అని. వీళ్లు దాన్ని తిప్పి, మీరు రాసే పదార్థ సూత్రం మీద ఆంక్షగా చదివారు: ఊహించగల ప్రతి ప్రక్రియలోనూ ఎంట్రోపీ అసమానత నిలబడేలా ఉంటేనే మీ సూత్రం చెల్లుతుంది. అలా చదివితే స్నిగ్ధత రుణాత్మకం కాకూడదు, వేడి తనంతట తాను చల్లని చోటు నుంచి వేడి చోటికి పారకూడదు అన్నవి వాటంతటవే వస్తాయి, సాగే పదార్థంలో ప్రతిబలం శక్తి నుంచే రావాలన్నదీ వస్తుంది.

కింది దారి, అంటే అణువుల నుంచి పైకి వచ్చే హిల్బర్ట్ రెండో కోరిక, చాలా ఆలస్యమైంది. బోల్ట్‌జ్‌మన్ సమీకరణం నుంచి ద్రవాల సమీకరణాలకి రావడం కొంతవరకు కుదిరింది. ఆ సమీకరణాన్ని సులువు చేసే నమూనా ఒకటి 1954లో వచ్చింది, దాని ముగ్గురు కర్తల్లో మొదటి పేరు మన పి.ఎల్. భట్నాగర్‌ది, తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీలో పనిచేశారాయన. గుద్దుకునే బంతుల నుంచి మొదలుపెట్టి బోల్ట్‌జ్‌మన్ మీదుగా ద్రవ సమీకరణాల దాకా మొత్తం దారి వేశామని 2025లో యూ డెంగ్, జహేర్ హానీ, షియావ్ మా ఒక ప్రీప్రింట్ పెట్టారు. అయితే అది పల్చటి వాయువు అవధిలో. గ్రానైట్‌కీ, గుజ్జుకీ అలాంటి దారి ఇంకా పడలేదు.

స్వీకృతాలు మార్చుకోవాల్సిన సందర్భం దూరంగా ఎక్కడో లేదు. 2021 నవంబరు వానలకి రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకి లీకేజీ పడి, దిగువ ఊళ్లని ఖాళీ చేయించింది గుర్తుంది కదా. మట్టికట్టలో ఒకే చోట మట్టీ ఉంటుంది, దాని సందుల్లో నీళ్లూ ఉంటాయి. రెండు వేర్వేరు బిందువులు ఒకే చోట ఉండవని ముందు ఒప్పుకున్న స్వీకృతం అక్కడ పనికిరాదు. నీళ్లు ఎక్కే కొద్దీ కట్ట మీద మొత్తం ప్రతిబలం పెద్దగా మారకపోవచ్చు, కానీ సందుల్లో నీటి ఒత్తిడి పెరిగి, మట్టి రేణువులు ఒకదాన్నొకటి నొక్కుకునే వాటా తగ్గుతుంది, మట్టి బలమంతా ఆ వాటాలోనే ఉంది. మట్టి మెకానిక్స్ ఇంజనీరు తెర్జాగీ 1920ల్లో పట్టుకున్న సంగతి ఇది, ప్రభావిత ప్రతిబలం అంటారు. 1957లో ట్రూస్‌డెల్ మిశ్రమాలకి వేరే స్వీకృతాలు రాశాడు: ప్రతి బిందువులోనూ అన్ని పదార్థాలూ ఏకకాలంలో ఉన్నట్టే, ఒక్కోదానికి సొంత వేగం, సొంత ప్రతిబలం, వాటి మధ్య ఇచ్చిపుచ్చుకునే బలాలు, అన్నీ కలిపితే మాత్రం ఒకే వస్తువు పాటించే లెక్క రావాలి.

పగుళ్ల దగ్గర ఇంకో ఇబ్బంది. క్వారీలో రాయి మీద వరసగా రంధ్రాలు వేసి, వాటిలో చీలలు దిగ్గొడితే ఆ గీత వెంట బండ చీలుతుంది. చీలిన చోట స్థానభ్రంశం ఇటొకటి, అటొకటి. నున్నటి చలనం లేదు, అవకలనం చేయడానికి ఏమీ లేదు, పగులు కొసన మామూలు సిద్ధాంతం ప్రతిబలం అనంతం అంటుంది. 1921లో గ్రిఫిత్ శక్తి లెక్కతో దీన్ని పక్క నుంచి దాటాడు. 2000లో స్టీవార్ట్ సిల్లింగ్ ఇంకో పని చేశాడు, ఏకంగా స్థానిక చర్యనే తీసేసి, ప్రతి బిందువూ కొంత దూరం దాకా ఉన్న బిందువులన్నిటితో నేరుగా బలం ఇచ్చిపుచ్చుకుంటుందని పెట్టి, అవకలనం బదులు సమాకలనం రాశాడు. దాన్ని పెరిడైనమిక్స్ అంటారు. ద్రవ్యవేగం, కోణీయ ద్రవ్యవేగం రెండూ అలాగే ఉంచుకున్నాడు, పగులు దానంతటదే పుట్టి, పెరిగి, చీలిపోయే లెక్కలు కంప్యూటర్లో నడిచాయి. కానీ మొదటి రూపంలో రెండు బిందువుల మధ్య బలం వాటిని కలిపే గీత వెంటే, ఆ జంట ఒక్కదాన్ని బట్టే ఉండాలని పెట్టాడు, దాంతో పాయిజాన్ నిష్పత్తి మళ్ళీ సరిగ్గా పావు దగ్గరే ఇరుక్కుంది, నావియర్ కాలంలో ఇరుక్కున్న చోటే. 2007లో సిల్లింగ్, ఆయన సహచరులు ఒక జంట మధ్య బలం చుట్టూ ఉన్న మిగతా బిందువుల కదలికని కూడా పట్టించుకునేలా మార్చాకే ఆ పావు వదిలింది.